తెలుగు వాక్యం నుంచి ఇంగ్లిష్ వాక్యానికి: రోజువారీ గ్రామర్, ఇడియమ్స్ నేర్చుకునే పద్ధతి

పదో తరగతి దాకా ఇంగ్లిష్ గ్రామర్ బట్టీ పట్టి మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా ఇంటర్వ్యూలో నోరు పెగలక ఇబ్బంది పడటం మనం చూస్తూనే ఉన్నాం. వాళ్లకి రూల్స్ రాక కాదు. యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చమంటే చకచకా మార్చేస్తారు. "నిన్న రాత్రి మా ఊళ్లో కరెంటు పోయింది" అని చెప్పమంటే మాత్రం ఆగిపోతారు. మనకి గ్రామర్ నేర్పిన తీరు మనం తెలుగువాళ్లమన్న సంగతిని ఎక్కడా లెక్కలోకి తీసుకోలేదు. ఇబ్బందంతా అక్కడే మొదలైంది.

ఇంగ్లిష్‌లో తెలుగువాళ్లు చేసే తప్పుల్లో చాలా వరకు తెలుగు వాక్యం నడక వల్ల వచ్చేవే. కాబట్టి ఆ తప్పులు ఎక్కడ వస్తాయో ముందే చెప్పేయొచ్చు. రెండు భాషల దారులు విడిపోయే చోట్లు ఓ పది పన్నెండు ఉంటాయి. వాటిని గుర్తుపట్టి ఒక్కోదాని మీద కొన్నాళ్లు గట్టిగా పనిచేస్తే, పన్నెండు కాలాల పట్టికను కంఠతా పట్టినదానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఈ వ్యాసమంతా ఆ చోట్ల గురించే. ఇంగ్లిష్ వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. వాటిని పైకి చదవండి, కళ్లతో దాటేయకండి.

రోజుకి అరగంట కేటాయించండి. ఒక నోట్‌బుక్, రికార్డింగ్ చేసుకోవడానికి ఫోన్ ఉంటే చాలు. ఈ పద్ధతిలో పది మెట్లున్నాయి, అన్నీ ఒకే బరువున్నవి కావు. మూడు, నాలుగు, తొమ్మిది మెట్లకి ఎక్కువ రోజులు ఇవ్వండి.

మెట్టు 1: మీ సిలబస్ మీరే రాసుకోండి

రెండు మూడు రోజుల పాటు మీరు తెలుగులో ఏం మాట్లాడుతున్నారో గమనించండి. ఇంట్లో, బస్సులో, ఆఫీసులో, ఫోన్‌లో అనే మామూలు మాటలు ఒక యాభై రాయండి. "చార్జింగ్ అయిపోయింది." "ఇంకా తినలేదు." "రేపు సెలవు పెడుతున్నా." "సార్ మీటింగ్‌లో ఉన్నారు, కాసేపాగి చేయండి." "నాకు చెప్పలేదేం?" ఇవి ఇంగ్లిష్‌లో చెప్పగలిగితే మీ రోజు గడిచిపోతుంది.

పెద్ద పెద్ద మాటల జాబితాలు కొని దిగులు పడకండి. బెంగాల్‌లో ఏళ్ల తరబడి ఇంగ్లిష్ బోధన మీద పనిచేసిన మైఖేల్ వెస్ట్, అత్యవసరమైన ఇంగ్లిష్ మాటల జాబితాను 1953లో అచ్చువేశాడు. అందులో ఉన్నవి సుమారు 2000 మూల పదాలే. పదో తరగతి దాటిన తెలుగు విద్యార్థికి వాటిలో చాలా భాగం తెలిసే ఉంటాయి. మనకి తక్కువైంది ఆ మాటల్ని వాక్యంగా కూర్చే అలవాటు.

మెట్టు 2: కర్త లేకుండా వాక్యం లేదు

తెలుగులో "వచ్చాడా?" అంటే "వచ్చాడు" అంటాం. ఎవరో చెప్పక్కర్లేదు, క్రియ చివర్లోనే తెలిసిపోతుంది. "ఆయన డాక్టర్" అంటాం, అందులో క్రియే లేదు. ఇంగ్లిష్ ఈ రెండిటికీ ఒప్పుకోదు. ఆజ్ఞల్లో తప్ప కర్త ఉండాలి, క్రియ ఉండాలి. "హి ఈజ్ ఎ డాక్టర్." చెప్పడానికి కర్త ఎవరూ లేనప్పుడు కూడా 'ఇట్' తెచ్చి పెట్టాలి. వర్షం పడుతోంది: "ఇట్స్ రెయినింగ్." ఆలస్యమైంది: "ఇట్స్ లేట్." ఇక్కడ ఉక్కగా ఉంది: "ఇట్స్ స్టఫీ ఇన్ హియర్."

తెలుగులో క్రియ చివర్న వస్తుంది, ఇంగ్లిష్‌లో కర్త పక్కనే వచ్చేయాలి. "నేను నిన్న మా అన్నయ్యతో కలిసి కొత్త ఫోన్" దాకా చెప్పి, కొన్నానో చూశానో చివర్లో తేల్చే వీలు అక్కడ లేదు. అందుకే వాక్యం మొదలుపెట్టే ముందే ఎవరు, ఏం చేశారు అన్న రెండు ముక్కలు తేల్చుకోండి. "ఐ బాట్" అని ముందు అనేసి, ఏం కొన్నారో, ఎవరితో వెళ్లారో, ఎప్పుడో వరసగా తగిలించండి. మొదటి రెండు ముక్కలు నోట్లోంచి బయటపడితే మిగతాది దానంతటదే వస్తుంది. యాభై వాక్యాల్నీ ఒకసారి ఇలా కర్త, క్రియ వరకే చెప్పి చూడండి.

మెట్టు 3: 'నాకు'తో మొదలయ్యే వాక్యాలు

తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో ఎక్కువ చిక్కులు ఇక్కడే ఉన్నాయని నా నమ్మకం. ఆకలి, నిద్ర, కోపం, జ్వరం, పిల్లలు, డబ్బు, జ్ఞాపకం, ఇష్టం, తెలియడం, ఇవన్నీ తెలుగులో 'నాకు' ఉంటాయి, 'నాకు' వస్తాయి. ఇంగ్లిష్‌లో దాదాపు ప్రతిచోటా 'నాకు' కాస్తా 'నేను' అయిపోవాలి. అక్కడి నుంచి మూడు దారులున్నాయి.

మొదటిది ఒంటి స్థితి, మనసు స్థితి. వీటికి 'యామ్' వాడతారు. నాకు ఆకలేస్తోంది: "ఐ యామ్ హంగ్రీ." నిద్రొస్తోంది: "ఐ యామ్ స్లీపీ." కుక్కలంటే భయం: "ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్." చలేస్తోంది: "ఐ యామ్ కోల్డ్." కోపమొచ్చింది అన్నప్పుడు మార్పు జరిగింది కాబట్టి "ఐ గాట్ యాంగ్రీ."

రెండోది మన దగ్గర ఉన్నవి, మనకున్న మనుషులు, జబ్బులు. వీటికి 'హ్యావ్'. ఇద్దరు పిల్లలు: "ఐ హ్యావ్ టూ కిడ్స్." జ్వరం: "ఐ హ్యావ్ ఎ ఫీవర్." తలనొప్పి: "ఐ హ్యావ్ ఎ హెడేక్." టైమ్ లేదు: "ఐ డోంట్ హ్యావ్ టైమ్." ఇక్కడ "ఐ యామ్ హ్యావింగ్ టూ కిడ్స్" అంటే కవలలు పుట్టబోతున్నారని అర్థం చేసుకునే అవకాశం ఉంది. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" మాత్రం సరైన వాక్యమే, ఎందుకంటే అక్కడ 'హ్యావ్' అంటే తినడం.

మూడోది మనసు చేసే పనులు. వీటికి నేరుగా క్రియ ఉంది, 'ఇంగ్' తగిలించకూడదు. ఆయన నాకు తెలుసు: "ఐ నో హిమ్." గుర్తులేదు: "ఐ డోంట్ రిమెంబర్." ఇది కావాలి: "ఐ వాంట్ దిస్." మామిడికాయ పప్పు ఇష్టం: "ఐ లైక్ మ్యాంగో దాల్." నాకు ఈత రాదు అనేదాన్ని 'రావడం'తో చెబితే కుదరదు. "ఐ కాంట్ స్విమ్" అనాలి. అర్థం కాలేదు అనడానికి "సారీ, ఐ డిడంట్ గెట్ దట్" అని అలవాటు చేసుకోండి. ఫోన్‌లో కస్టమర్‌తోనో విదేశాల్లో ఉన్న మేనేజర్‌తోనో మాట్లాడేటప్పుడు ఎంతో అక్కరకొస్తుంది.

మీ యాభైలో 'నాకు', 'మాకు', 'ఆయనకి' ఉన్న వాక్యాలన్నీ ఏరి, ఒక్కోదాన్ని ఈ మూడిట్లో ఏ దారిలో పంపాలో తేల్చండి. వారం రోజులు ఇది తప్ప ఇంకేమీ చేయకపోయినా నష్టం లేదు.

మెట్టు 4: కాలాలు, మన క్రియ దగ్గర్నుంచి మొదలుపెట్టి

"రోజూ బస్సులో వెళ్తాను", "రేపు బస్సులో వెళ్తాను." తెలుగులో రెండిటికీ ఒకటే రూపం. అలవాటుకీ రాబోయేదానికీ మనం తేడా చూపించం. ఇంగ్లిష్ చూపిస్తుంది. రోజూ అయితే "ఐ గో బై బస్", రేపు అయితే "ఐ విల్ గో బై బస్." చాలామంది రోజూ చేసే పనికి "డైలీ ఐ విల్ గో" అనేది ఇందుకే. '-తాను' అన్న మాట నోటికి రాగానే ఒక్క క్షణం ఆగి, ఇది అలవాటా, రాబోయేదా అని చూసుకోండి. అలవాటైతే 'విల్' వద్దు. రేపటికి ముందే ఏర్పాటు చేసుకున్న పనిని "రేపు ఊరెళ్తున్నాను" అంటాం కదా, అక్కడ రెండు భాషలూ కలుస్తాయి: "ఐ యామ్ గోయింగ్ హోమ్ టుమారో."

తెలుగులో వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తుంది, వెళ్తారు అని క్రియ ప్రతి మనిషికీ మారుతుంది. ఇంగ్లిష్‌లో ఈ మార్పు దాదాపు ఎక్కడా లేదు. 'హి', 'షి', 'ఇట్' దగ్గర మాత్రం చివర ఒక 'స్' చేరుతుంది: "షి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్." ఒక్కచోటే ఉంది కాబట్టే మర్చిపోతాం. దీన్ని రూల్‌గా గుర్తుపెట్టుకుంటే మాట్లాడేటప్పుడు అందదు. మీ అమ్మగారో నాన్నగారో పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం చేస్తారో రోజూ రెండు నిమిషాలు పైకి చెప్పండి. "షి గెట్స్ అప్ యాట్ ఫైవ్, షి మేక్స్ కాఫీ, షి వాటర్స్ ద ప్లాంట్స్." పది రోజుల్లో ఆ 'స్' నాలుకకి పట్టుబడటం మొదలవుతుంది.

"తిన్నాను" అన్నదానికి ఇంగ్లిష్‌లో రెండు రూపాలున్నాయి, "ఐ ఏట్", "ఐ హ్యావ్ ఈటెన్." గుర్తు చాలా సులువు. అయిపోయిన సమయం పేరు చెబితే (నిన్న, పోయిన వారం, 2019లో) 'హ్యావ్' రాదు. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పు, "ఐ సా హిమ్ యెస్టర్‌డే" ఒప్పు. సమయం చెప్పకుండా, ఆ పని ప్రభావం ఇప్పటికీ ఉందన్నట్టు చెప్పేటప్పుడు 'హ్యావ్' వస్తుంది: "ఐ హ్యావ్ లాస్ట్ మై కీస్", అంటే ఇప్పుడు నా దగ్గర తాళాలు లేవు.

"లాస్ట్ వీక్ ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి" అనడం మన దగ్గర ఎక్కువ. 'హ్యాడ్' వాడితే కాస్త మర్యాదగా ఉంటుందన్న భావన ఉన్నట్టుంది. మామూలుగా జరిగిపోయినదానికి "ఐ వెంట్" చాలు. రెండు పాత సంఘటనల్లో ఏది ముందు జరిగిందో చెప్పాల్సి వస్తేనే 'హ్యాడ్' అవసరం: "వెన్ వి రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్."

ఇక "ఐదేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాను." దీన్ని "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అంటారు. ఇందులో రెండు చోట్ల సరిచేయాలి. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్నదానికి "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్" అనాలి. ఎంతకాలం అన్నదానికి 'ఫర్', ఎప్పటి నుంచి అన్నదానికి 'సిన్స్': "ఫర్ ఫైవ్ ఇయర్స్", "సిన్స్ 2020." ఇంటర్వ్యూల్లో ఈ వాక్యం తప్పకుండా వస్తుంది, మీ సొంత ఉద్యోగం, మీ సొంత ఏళ్లు పెట్టి ఇప్పుడే సిద్ధం చేసుకోండి.

ఇవన్నీ పట్టుబడితే రోజువారీ మాటలకి సరిపడా కాలాలు వచ్చేసినట్టే. మిగతావి చదువుతున్నప్పుడు కనిపిస్తే అర్థమైతే చాలు.

మెట్టు 5: అడగడం, జవాబివ్వడం

తెలుగులో ప్రశ్న కావాలంటే చివర 'ఆ' చేర్చితే సరి: వస్తావు, వస్తావా. ఇంగ్లిష్‌లో ముందు వైపు మార్పు జరగాలి. "యు ఆర్ కమింగ్" కాస్తా "ఆర్ యు కమింగ్" అవుతుంది. 'ఆర్', 'కెన్' లాంటి సహాయ క్రియ లేకపోతే 'డు', 'డజ్', 'డిడ్' తెచ్చుకోవాలి. "వేర్ యు వెంట్?" కాదు, "వేర్ డిడ్ యు గో?" 'డిడ్' వచ్చాక పక్క క్రియ భూతకాల రూపంలోకి మారదు, 'వెంట్' కాకుండా 'గో' అనే ఉంటుంది.

మర్యాదగా అడగడానికి "కుడ్ యు టెల్ మి" అని మొదలుపెడితే, దాని తర్వాత వచ్చే ప్రశ్నలో ఈ తలకిందులు చేయడం ఉండదు: "కుడ్ యు టెల్ మి వేర్ ద స్టేషన్ ఈజ్?"

ఒక విషయం మాత్రం చాలా జాగ్రత్తగా నేర్చుకోవాలి. "నువ్వు తినలేదా?" అంటే, తినకపోతే మనం "అవును, తినలేదు" అంటాం. ఇంగ్లిష్‌లో అదే జవాబు "నో, ఐ డిడంట్." అక్కడ ప్రశ్న ఎలా వేశారన్నది లెక్కలోకి రాదు, జరిగిందా లేదా అన్నదాన్ని బట్టే 'యెస్', 'నో'. వీసా అధికారి "హ్యావంట్ యు అప్లైడ్ బిఫోర్?" అని అడిగితే, చేయనివాళ్లు "యెస్" అనేసి ఆగిపోతే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. ఎప్పుడూ 'యెస్' దగ్గరో 'నో' దగ్గరో ఆపకుండా పూర్తి వాక్యం చెప్పేయండి.

'కదా' బదులు అన్నిటికీ "ఈజ్‌ంట్ ఇట్?" తగిలించడం కూడా మనకి అలవాటు. సరైన రూపం వాక్యాన్ని బట్టి మారుతుంది: "యు లివ్ ఇన్ వరంగల్, డోంట్ యు?" అది అప్పటికప్పుడు తట్టకపోతే చివర "రైట్?" అనండి. అన్నిచోట్లా నప్పుతుంది.

మెట్టు 6: 'అని' దగ్గర జాగ్రత్త

"నేను వస్తానని రవి చెప్పాడు" అంటే వచ్చేది రవి అని మనకి సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. దాన్నే "రవి సెడ్ ఐ విల్ కమ్" అంటే వచ్చేది మీరని అవతలివాళ్లు అనుకుంటారు. "రవి సెడ్ హి వుడ్ కమ్" అనాలి. 'సే'కి, 'టెల్'కి తేడా కూడా ఇక్కడే చూసుకోండి. 'టెల్' పక్కన ఎవరికి చెప్పారో ఆ మనిషి రావాలి: "హి టోల్డ్ మి." మనిషి లేకపోతే 'సే'.

మెట్టు 7: 'ఎ', 'యాన్', 'ద', ఇంకా మన విభక్తులు

తెలుగులో ఆర్టికల్స్ లేవు, అందుకని మనం వాటిని ఎగరగొట్టేస్తాం. ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఏ వస్తువు గురించి అంటున్నానో వినేవాళ్లకి తెలుసా? తెలిస్తే 'ద', తెలియకపోతే 'ఎ'. "ఐ బాట్ ఎ బైక్" అని మొదట చెప్పాక, "ద బైక్ ఈజ్ బ్లూ" అంటాం.

'ఎ' పెట్టాలా 'యాన్' పెట్టాలా అన్నదానికి మన లిపే సాయం చేస్తుంది. ఇంగ్లిష్ మాటను తెలుగులో రాసి చూడండి. మొదటి అక్షరం అచ్చయితే 'యాన్', హల్లయితే 'ఎ'. అవర్, ఆనెస్ట్, ఎమ్మెల్యే అచ్చులతో మొదలవుతాయి కాబట్టి "యాన్ అవర్", "యాన్ ఆనెస్ట్ మ్యాన్", "యాన్ ఎమ్మెల్యే." యూనివర్సిటీ, వన్ హల్లులతో మొదలవుతాయి కాబట్టి "ఎ యూనివర్సిటీ", "ఎ వన్ వే రోడ్." 'యెమ్మెల్యే' అని పలికే అలవాటుంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ప్రిపొజిషన్ల విషయంలో అసలు చిక్కేమిటంటే, మన ఒక్కో విభక్తి చాలా పనులు చేస్తుంది. 'కి' ఒక్కటే చూడండి. హైదరాబాద్‌కి అంటే "టు హైదరాబాద్", ఆరింటికి అంటే "యాట్ సిక్స్", సోమవారానికల్లా అంటే "బై మండే." 'లో' కూడా అంతే. ఇంట్లో "యాట్ హోమ్", జులైలో "ఇన్ జులై", బస్సులో "ఆన్ ద బస్", కార్లో మాత్రం "ఇన్ ద కార్", ఫోన్‌లో "ఆన్ ద ఫోన్." అందుకే 'ఇన్' అంటే లో, 'ఆన్' అంటే మీద అని ఒంటరిగా నేర్చుకుంటే లాభం లేదు. పక్క మాటతో కలిపి, జంటగా గుర్తుపెట్టుకోండి: "గుడ్ యాట్ మ్యాథ్స్", "మ్యారీడ్ టు", "యాంగ్రీ విత్ మి."

కొన్ని క్రియలకి మనం అనవసరంగా తోకలు తగిలిస్తాం. 'గురించి' చర్చిస్తాం కాబట్టి "డిస్కస్ అబౌట్" అనేస్తాం, 'డిస్కస్' ఒక్కటే చాలు. "రీచ్డ్ టు హోమ్" కాదు, "రీచ్డ్ హోమ్." "రిటర్న్ బ్యాక్" కాదు, "రిటర్న్." అవసరమైన చోట వదిలేసేవి కూడా ఉన్నాయి: "లిజన్ టు మి", "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి."

మెట్టు 8: మన ఇంగ్లిష్‌లో ఏది ఉంచాలి, ఏది మార్చాలి

"నేను ఇక్కడే ఉన్నాను" అనేదాన్ని "ఐ యామ్ హియర్ ఓన్లీ" అంటాం. నొక్కి చెప్పడానికి మనం '-ఏ' పెడతాం, ఇంగ్లిష్‌వాళ్లు గొంతుతో ఆ మాటను ఒత్తి పలుకుతారు, లేదా "రైట్ హియర్" అంటారు. "హాట్ హాట్ కాఫీ" కూడా ఇలాంటిదే, "పైపింగ్ హాట్ కాఫీ" అనొచ్చు. "టుడే మార్నింగ్" అనకుండా "దిస్ మార్నింగ్", "యెస్టర్‌డే నైట్" అనకుండా "లాస్ట్ నైట్" అనండి. కరెంటు పోయింది అనడానికి "ద పవర్ వెంట్ అవుట్."

భారతీయ ఇంగ్లిష్ అంతా తప్పు అనేవాళ్లతో నేను ఏకీభవించను. 'ప్రీపోన్' (అనుకున్న తేదీ కంటే ముందుకు జరపడం) మన దేశంలో బాగా వాడుకలో ఉన్న చక్కటి మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. మన మధ్య దాన్ని హాయిగా వాడుకోవచ్చు. కానీ వినేవాళ్లు ఎవరో చూసుకోవాలి. అమెరికాలో "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022" అంటే స్పృహ తప్పి పడిపోయానని అర్థం, "ఐ గ్రాడ్యుయేటెడ్" అనాలి. అక్కడ 'హోమ్‌లీ' అంటే అందం లేని మనిషి, కాబట్టి పెళ్లి సంబంధాల్లో మనం వాడే అర్థంలో వాడకండి. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మీ మాట నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది, "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి. 'కజిన్ బ్రదర్' బదులు 'కజిన్' చాలు. తోడల్లుడికి 'కో బ్రదర్' అన్నది బయటివాళ్లకి తెలియదు, "మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్" అని విడమరిచి చెప్పాల్సిందే.

మెట్టు 9: ఫ్రేజల్ వెర్బ్స్, ఇడియమ్స్

ఇక్కడికొచ్చేసరికి చాలామంది జాబితాలు కంఠతా పట్టడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్రేజల్ వెర్బ్ అంటే క్రియకి ఒక చిన్న మాట తగిలి ఏర్పడే జంట, ఇడియమ్ అంటే జాతీయం. ముందు మన భాషలో ఇలాంటి జంటలు ఎలా పనిచేస్తాయో చూడండి. 'తిను'కి, 'తినేయ్'కి తేడా ఏమిటో తెలుగువాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పడటం, పడిపోవడం, చెప్పడం, చెప్పేయడం, ఇలా వెనకొచ్చే చిన్న ముక్క పని పూర్తయినట్టో తిరిగి రానట్టో అర్థాన్ని మార్చేస్తుంది. ఇంగ్లిష్‌లో 'అప్', 'అవుట్', 'ఆఫ్' చాలాచోట్ల ఈ పనే చేస్తాయి. "ఈట్ అప్" అంటే తినేయ్. "రన్ అవుట్ ఆఫ్" అంటే అయిపోవడం: "వి రాన్ అవుట్ ఆఫ్ గ్యాస్."

కొన్నిట్లో అర్థం పూర్తిగా మారిపోతుంది. "పుట్ ఆఫ్" అంటే వాయిదా వేయడం, "కాల్ ఆఫ్" అంటే రద్దు చేయడం. మీటింగ్ విషయంలో ఈ రెండూ కలగాపులగం అయితే కొంపలంటుకుంటాయి. "లుక్ ఫర్" వెతకడం, "లుక్ ఆఫ్టర్" చూసుకోవడం, "లుక్ ఇంటూ" సంగతేమిటో ఆరా తీయడం. "ఫిగర్ అవుట్" అంటే ఆలోచించి తేల్చుకోవడం, "షో అప్" అంటే రావాల్సిన చోటికి రావడం, "టర్న్ డౌన్" అంటే కాదనడం. "టర్న్ డౌన్", "పుట్ ఆఫ్", "కాల్ ఆఫ్", "ఫిగర్ అవుట్" లాంటివాటిలో 'ఇట్', 'హిమ్' వస్తే "టర్న్ ఇట్ డౌన్" అని మధ్యలో పెట్టాలి, "లుక్ ఫర్ ఇట్" లాంటివాటిలో మాత్రం చివరే వస్తుంది. "లుక్ ఫార్వర్డ్ టు" పక్కన క్రియకి 'ఇంగ్' చేరుతుంది: "ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు." ఈమెయిల్ చివర రోజూ రాసే వాక్యం కాబట్టి ఇది సరిగ్గా రావాలి.

ఇడియమ్స్‌ని మాటకి మాట పెట్టి కాకుండా సందర్భానికి సందర్భం పెట్టి నేర్చుకోండి. కడుపు మండింది అన్నదాన్ని మాటకి మాట చెబితే అసిడిటీ మాత్ర ఇస్తారు. అదే సందర్భం పట్టుకుంటే మన జాతీయాలకి అచ్చంగా సరిపోయే జోడీలు ఎన్నో దొరుకుతాయి. ఏ అమావాస్యకో పున్నమికో అనే చోట "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్." ఖర్చు తడిసి మోపెడయింది అనే చోట "ఇట్ కాస్ట్ యాన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్." నల్లేరు మీద బండి నడకకి "ఎ పీస్ ఆఫ్ కేక్." డొంకతిరుగుడుగా మాట్లాడేవాళ్లతో "డోంట్ బీట్ అరౌండ్ ద బుష్" అనొచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యికి "బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్." అగ్నికి ఆజ్యం పోయడం, మొసలి కన్నీరు, ఒకే దెబ్బకి రెండు పిట్టలు ఇంగ్లిష్‌లో కూడా దాదాపు ఇదే బొమ్మతో ఉన్నాయి. ఇలా మీకు తెలిసిన తెలుగు జాతీయం పక్కన రాసుకున్న ఇడియమ్ ఎన్నటికీ మర్చిపోరు.

నోట్‌బుక్‌లో ఇడియమ్స్‌కి మూడు పేజీలు పెట్టుకోండి. మొదటి పేజీలో వెంటనే వాడదగ్గవి. ఇవి ఇడియమ్స్‌లా కనిపించవు గానీ సంభాషణ అంతా వీటి మీదే నడుస్తుంది: "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు" (కనుక్కుని మళ్లీ చెబుతాను), "ఐ యామ్ రన్నింగ్ లేట్" (ఆలస్యమవుతోంది), "ఇట్స్ అప్ టు యు" (మీ ఇష్టం), "సౌండ్స్ గుడ్" (బాగుంది, అలాగే చేద్దాం), "దట్ మేక్స్ సెన్స్" (అవును, సబబే), "టేక్ యువర్ టైమ్" (తొందరేం లేదు).

రెండో పేజీలో ముందు అర్థమైతే చాలనుకునేవి. ఆఫీసు మాటలు ఎక్కువగా ఇక్కడికి వస్తాయి. "ఆర్ వి ఆన్ ద సేమ్ పేజ్?" అంటే అందరికీ ఒకేలా అర్థమైందా అని. "కీప్ మి ఇన్ ద లూప్" అంటే ఏం జరుగుతోందో నాకూ తెలియజేస్తూ ఉండమని. "జస్ట్ ఎ హెడ్స్ అప్" అంటే ముందే చెబుతున్నాను, చూసుకోండి అని. "లెట్స్ కాల్ ఇట్ ఎ డే" అంటే ఇవాళ్టికి పని ఆపేద్దామని. "ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అంటే ఇక చేయాల్సింది మీరే అని. "లెట్స్ టేబుల్ దిస్" అన్న మాట బ్రిటన్‌లో ఒక అంశాన్ని చర్చకి పెడదామని, అమెరికాలో పక్కన పెడదామని. ఏ దేశంవాళ్లు అన్నారో చూసుకోండి, అనుమానం వస్తే అడిగేయండి.

మూడో పేజీ, వాడకూడనివి. చావు గురించి "కిక్ ద బకెట్" ఎప్పుడూ అనకండి, అది పరాచికంగా వాడే మాట. "పాస్డ్ అవే" అనాలి. స్కూల్లో నేర్పిన "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" పాతబడిపోయింది, "ఇట్స్ పోరింగ్" అంటే చాలు.

ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకీ ఉద్యోగానికీ అడిగే ఇంగ్లిష్ పరీక్ష) రాసేవాళ్లకి ఒక మాట. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలుంటుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగిటికీ సమానంగా మార్కులు. బట్టీ పట్టిన ఇడియమ్స్ ప్రతి జవాబులో ఇరికిస్తే మొదటి రెండిట్లోనూ దెబ్బతింటారు. సందర్భానికి తగినట్టు ఒకటి రెండు వస్తే చాలు.

మెట్టు 10: నేర్చుకున్నది నిలబెట్టుకోవడం

చదివింది ఎంత త్వరగా మర్చిపోతామో జర్మన్ శాస్త్రవేత్త హెర్మాన్ ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రకటించాడు. మరుపు మొదటి రోజుల్లోనే ఎక్కువ. కాబట్టి ఒకేరోజు ఇరవైసార్లు చదివే బదులు ఇవాళ, రేపు, నాలుగు రోజుల తర్వాత, రెండు వారాల తర్వాత ఒక్కోసారి చూడండి. చీటీకి ఒక వైపు తెలుగు వాక్యం, రెండో వైపు ఇంగ్లిష్ వాక్యం రాయండి. తెలుగు చూసి ఇంగ్లిష్ పైకి చెప్పాలి. వచ్చినవి దూరం జరపండి, రానివి మళ్లీ రేపటి కట్టలో కలపండి. విడి మాటలు రాయొద్దు, ఎప్పుడూ పూర్తి వాక్యమే.

నిఘంటువు విషయంలో, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసం తయారైన లెర్నర్స్ డిక్షనరీ వాడండి. ఇవి పరాయిదేశాల్లో ఇంగ్లిష్ నేర్పిన మాస్టార్ల అనుభవంలోంచి పుట్టినవి. జపాన్‌లో పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తయారుచేసిన నిఘంటువు మొదట 1942లో టోక్యోలోనే అచ్చయింది. అర్థం తేలిక మాటల్లో ఉంటుంది, ఆ మాట పక్కన ఏ ప్రిపొజిషన్ వస్తుందో కూడా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ సంస్థల లెర్నర్స్ నిఘంటువులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగానే చూడొచ్చు.

వినడానికి, 1943 నుంచి ఇంగ్లిష్ పాఠాలు ప్రసారం చేస్తున్న బీబీసీ వాళ్ల లెర్నింగ్ ఇంగ్లిష్ విభాగంతో మొదలుపెట్టండి. ఒక నిమిషం ముక్క తీసుకుని, వింటూ, వాళ్ల వెనకే అదే వేగంతో అనండి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనం బస్‌ని 'బస్సు', బుక్‌ని 'బుక్కు' అని సాగదీస్తాం. వెనకే అనడం సాధన చేస్తే ఈ సాగతీత బాగా తగ్గుతుంది.

మాట్లాడటానికి మీలాగే నేర్చుకుంటున్నవాళ్లు ఒకరు దొరికితే చాలు. రోజూ పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకోండి. ప్రతి తప్పునీ దిద్దుకుంటే మాట ఆగిపోతుంది. ఈ వారం 'స్' మాత్రమే, వచ్చే వారం ప్రశ్నలు మాత్రమే అని ముందే అనుకుని ఆ ఒక్కటే దిద్దండి. మిగతావి వదిలేయండి.

వారానికోసారి, ఆదివారమైతే వీలుగా ఉంటుంది, ఆ వారం జరిగిన ఏదో ఒక విషయం మీద రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడి రికార్డు చేయండి. తర్వాత విని, అన్నది అన్నట్టుగా కాగితం మీద రాయండి. ఎర్ర పెన్నుతో తప్పులు గుర్తించి, ఒక్కోదాని పక్కన అది పైన చెప్పిన ఏ మెట్టుకి చెందిందో ఆ నంబర్ వేయండి. ఏ నంబర్ ఎక్కువసార్లు పడితే, వచ్చే వారం అరగంటలన్నీ ఆ మెట్టుకే ఇవ్వండి.